స్మరణకూ చోటు, సేదదీరడానికీ చోటు – యుద్ధస్మారక వనాల చరిత్ర

ప్లాటినం జూబిలీ సంచికకు ప్రధానోపాధ్యాయిని వ్యాసం వ్రాయడం ఆనవాయితీ. పాఠశాల ప్రగతిని గూర్చి, ఫలితాలను గూర్చి ఇతర పుటలలో సహోపాధ్యాయులు వివరంగానే వ్రాశారు. నేను చరిత్ర బోధించేదాన్ని. కనుక ఈ నగరంలో మన పిల్లలు ఏటా చూచే రెండు స్థలాలను గూర్చి, అక్కడ ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నను గూర్చి వ్రాయదలచాను. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానం సంపూర్ణమైనది కాదు. అయినా తల్లిదండ్రులతోను, పూర్వ విద్యార్థులతోను దానిని పంచుకోవలసిన సమయం ఇదేనని నా అభిప్రాయం.

చెన్నై మెరీనా తీరాన ఉత్తరపు కొసకు వెళ్ళిన వారందరికీ విజయ యుద్ధస్మారకం తెలుసు. నేపియర్ వంతెన దాటి సెయింట్ జార్జి కోట వైపు సాగుతుంటే కుడిచేతి వైపు కనిపిస్తుంది. పూర్వం ఆ స్థలాన్ని క్యుపిడ్స్ బో అని పిలిచేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనల విజయానికి గుర్తుగా ఆ కట్టడాన్ని నిర్మించారు. తరువాత రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన ఈ రాజధాని సైనికుల స్మృతి, స్వాతంత్ర్యానంతరం జరిగిన యుద్ధాలలో అసువులు బాసిన వారి స్మృతి కూడా దానికి చేరాయి. ఏటా జనవరి 26న రాష్ట్ర గవర్నరు అక్కడ పుష్పగుచ్ఛం ఉంచి నివాళి అర్పిస్తారు. మిగిలిన దినాలలో సాయంత్రపు గాలికి వచ్చినవారు, సుండల్ పొట్లాలు చేతబట్టుకున్న పిల్లలు దాని ప్రక్కనుంచే సాగిపోతుంటారు.

యుద్ధం ఎక్కడో ఐరోపా ఖండంలో జరిగితే మద్రాసులో స్మారకమెందుకని పిల్లలు అడుగుతారు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక ఈ తీరానికి వచ్చి నగరం మీద గుళ్ళు కురిపించింది. రేవు దాపున ఉన్న బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లు అంటుకొని మండిపోయాయి. దాడి కొద్ది నిమిషాలలోనే ముగిసినా, జనం మూటాముల్లె సర్దుకొని నగరం విడిచి పరుగులు తీశారు. ఆ నౌకను అదే సంవత్సరం నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ధ్వంసం చేసింది. నౌక పోయినా దాని పేరు మాత్రం మన వీధులలో నిలిచిపోయింది. గడుసువాణ్ణి, తెగువ గలవాణ్ణి ఇక్కడి తమిళ సోదరులు నేటికీ ‘ఎమ్డెన్’ అంటారు. మరల రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వార్తతో మద్రాసు నగరం సగానికి పైగా ఖాళీ అయిందని మా పెద్దలు చెప్పేవారు. కనుక యుద్ధం మనకు పరాయి విషయం కాదు.

ఇక్కడ మరొక సంగతిని మన పిల్లలకు ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. ఆనాటి మద్రాసు సైనికుడు అంటే తమిళుడు మాత్రమే కాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు కోస్తా జిల్లాలు, రాయలసీమ జిల్లాలు ఈ రాజధానిలోనివే. మద్రాసు పదాతిదళాలలోను, బెంగుళూరు కేంద్రంగా గల మద్రాసు సాపర్ల దళంలోను తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు భుజం భుజం కలిపి పనిచేశారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామాన్ని జనం ‘మిలిటరీ మాధవరం’ అనడానికి కారణం అక్కడినుంచి తరతరాలుగా యువకులు సైన్యంలో చేరుతూ ఉండడమే. ఆ ఊరిలోనూ సైనికుల స్మారకం ఒకటి ఉన్నది. రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఆస్తులను, అప్పులను పంచుకోగలిగాము గాని, స్మారకాలను పంచుకోవడం సాధ్యం కాదు. మెరీనా తీరాన ఉన్నది మనది కూడా.

రెండవ స్థలం నందంబాక్కంలోని మద్రాసు యుద్ధ శ్మశానవాటిక. దీనిని 1952లో నెలకొల్పారు. అంటే ఇంచుమించు మన పాఠశాల ఈడుదే. దక్షిణ, తూర్పు భారతదేశంలోని అనేక శ్మశానాలలో చెదురుమదురుగా ఉండి, శాశ్వతంగా సంరక్షించే వీలులేని సమాధులను ఇక్కడికి తరలించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన 850 మందికి పైగా కామన్వెల్తు సైనికులు ఇక్కడ శాశ్వత విశ్రాంతి తీసుకుంటున్నారు. వాటిక వెనుకభాగాన 1914–1918 యుద్ధ స్మారకం ఒకటున్నది. మొదటి యుద్ధకాలంలో మన దేశంలో మరణించి, సంరక్షణకు నోచుకోని సమాధులలో ఉన్న వెయ్యిమందికి పైగా వ్యక్తుల పేర్లు దానిమీద చెక్కి ఉన్నాయి.

లోపల అడుగుపెట్టగానే ఎంతటి అల్లరి పిల్లలైనా కాళ్ళకు తామే కళ్ళెం వేసుకుంటారు. సమంగా కత్తిరించిన పచ్చిక, వరుసలు తీరిన రాళ్ళు, మొదళ్ళలో పూలమొక్కలు, నడుమ ఎత్తైన శిలువ. రాళ్ళన్నీ ఒకే కొలతలో ఉంటాయి. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషను ఆనాడే ఒక నియమం పెట్టుకున్నది. సేనాధిపతి అయినా, వంటవాడైనా, ఏ జాతివాడైనా, ఏ మతంవాడైనా మరణంలో అందరికీ సమానమైన గౌరవం దక్కాలని, ప్రతి ఒక్కరి పేరూ రాతిమీదనో లోహంమీదనో నిలవాలని దాని సారాంశం. ధనికులు తమవారికి పెద్ద గోరీలు కట్టించుకోవడానికి ఆ నియమం అంగీకరించలేదు. తరగతిలో సమానత్వాన్ని గూర్చి పది పాఠాలు చెప్పడం కంటె ఆ వరుసలను ఒకసారి చూపడం మేలని నా అనుభవం.

కొన్ని సంవత్సరాల క్రిందట ఎనిమిదవ తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళాను. ప్రతి విద్యార్థీ ఒక పేరు చదివి, ఆ సైనికుని వయస్సు నోటుపుస్తకంలో వ్రాసుకోవాలని చెప్పాను. పందొమ్మిది, ఇరవై, ఇరవై రెండు – పిల్లలు వ్రాసుకుంటూ పోయారు. వెనుకనున్న 1914 స్మారకం దగ్గర ఒక విద్యార్థిని చాలాసేపు నిలబడి, నా దగ్గరకు వచ్చి, “టీచర్, ఇవన్నీ దొరల పేర్లే. మనవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?” అని అడిగింది.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు ఆ ప్రశ్న నన్ను వెంటాడింది. దానికి కారణం ఆ అమ్మాయికి తెలియదు.

మా పూర్వులు ఉత్తర ఆర్కాడు జిల్లాలో స్థిరపడిన తెలుగువారు. మా తాతగారి అన్నగారు మొదటి యుద్ధకాలంలో సైన్యంలో చేరి ‘బస్రా’ వెళ్ళారని, తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. ఎక్కడ పోయారో, ఏనాడు పోయారో ఎవరికీ తెలియదు. మరణ తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు శ్రాద్ధం పెట్టడం మన ఆచారం. ఆ దినం తాతగారు పిండాలు పెట్టిన తరువాత, “సముద్రం దాటినవాడికి” అంటూ మరొక ఆకు వేయించి, తామే వడ్డించేవారు. చిన్నతనంలో నాకు ఆ ఆకు మీద గారెల పైననే దృష్టి. ఆ మనిషికి ఈ భూమి మీద ఉన్న స్మారకం ఆ అరటియాకు ఒక్కటేనని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ విద్యార్థిని ప్రశ్నకు చరిత్ర చెప్పే సమాధానం ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు పాల్గొన్నారు. 74 వేలకు పైగా మరణించారు. హిందూ సైనికులలో ఎక్కువమందికి దహనసంస్కారం జరగడం వల్ల వారికి సమాధులు లేవు. అటువంటివారి పేర్లను స్మారకాల మీద చెక్కవలసి ఉన్నది. కొన్నిచోట్ల చెక్కారు. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకం మీద 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. ఢిల్లీలోని ఇండియా గేటుకు 1921 ఫిబ్రవరి 10న శంకుస్థాపన జరిగింది. లట్యెన్స్ రూపకల్పనలో 42 మీటర్ల ఎత్తున నిర్మితమై 1931 ఫిబ్రవరిలో ఆవిష్కృతమైంది. దానిమీద 13 వేలకు పైగా పేర్లున్నాయి.

బస్రా స్మారకం కథ వేరు. మెసపొటేమియా రంగంలో మరణించి సమాధులు తెలియనివారికోసం 1929లో దానిని ఆవిష్కరించారు. 40 వేలకు పైగా మృతులకు అది అంకితం. బ్రిటిషు సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సామాన్య భారతీయ సైనికులకు మాత్రం ఏ దళంలో ఎందరు మరణించారో ఆ సంఖ్య మాత్రమే వేశారు. అలా అంకెలుగా మిగిలినవారు 33 వేలకు పైమాటే. అందరికీ సమాన గౌరవం అన్న నియమం పెట్టినవారే అక్కడ దానిని పాటించలేదు. ఈ అసమానతను గూర్చి యుద్ధ సమాధుల కమిషను విచారణ జరిపించి, 2021 ఏప్రిల్‌లో నివేదిక వెలువరించి, క్షమాపణ చెప్పుకున్నది. నూరేళ్ళు ఆలస్యంగా వచ్చిన క్షమాపణ. అయినా తప్పును తప్పని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మా తాతగారి అన్నగారు ఆ అంకెలలో ఒకరో కాదో నిరూపించే కాగితమేదీ మా ఇంట మిగలలేదు. కాని ఆనాటినుంచి ‘సంఖ్య’ అన్న మాట నాకు మునుపటిలా వినిపించడం లేదు.

ఇక విహారం సంగతి. మరణించినవారి జ్ఞాపకం ఉన్నచోట పిల్లలు ఆడుకోవచ్చునా, పెద్దలు వనభోజనాలు చేయవచ్చునా అన్నది తల్లిదండ్రులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్న. మెరీనా స్మారకం దగ్గర పిల్లలు పరుగులు తీయడం చూచి ఉపాధ్యాయినిగా తొలినాళ్ళలో నేను కూడా గద్దించినదాన్నే. తరువాత చదివిన కొద్దీ నా అభిప్రాయం కొంత మారింది.

మొదటి యుద్ధం ముగిసిన వెంటనే అనేక దేశాలలో ఈ చర్చ జరిగింది. రాతి స్తంభం నిలపడమా, లేక బ్రతికి ఉన్నవారికి పనికివచ్చే ఉద్యానవనం, ఆటస్థలం, ఆసుపత్రి వంటిది ఏర్పరచి దానినే స్మారకం అనడమా అని వాదించుకున్నారు. చాలాచోట్ల రెండింటినీ కలిపారు. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో లట్యెన్స్ నిర్మించిన స్మారక తోరణం ప్రజలు ఆటలాడుకునే విక్టోరియా పార్కులోనే 1925లో వెలిసింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు కింగ్స్ పార్కులో 1919 నుంచి మరణించిన సైనికుల పేర చెట్లు నాటి, ప్రతి చెట్టు మొదట ఒక పేరు పలకను ఉంచారు. జనం ఆ నీడలో నడుస్తారు. ఆ నీడ ఎవరిదో చదువుకుంటారు.

జపానులోని హిరోషిమా శాంతి స్మారకవనం మన పిల్లలకు ఇంకా దగ్గరగా తోస్తుంది. 1945 ఆగస్టు 6న అణుబాంబుకు బూడిదైపోయిన పేటలోనే ఆ వనం ఉన్నది. అక్కడి బాలల శాంతి స్మారకం 1958లో వెలిసింది. అణుధార్మికత వల్ల వ్యాధికి గురై 1955లో పన్నెండేళ్ళ ప్రాయంలో మరణించిన సడాకో ససాకి అనే బాలిక జ్ఞాపకార్థం ఆమె తోటి విద్యార్థులే పూనుకొని విరాళాలు పోగుచేశారు. నేటికీ లోకంలోని పిల్లలు కాగితపు కొంగలు మడిచి అక్కడికి పంపుతూ ఉంటారు. కాగితం మడవడం పిల్లలకు ఆట. ఆ ఆట ద్వారానే ఒక స్నేహితురాలి పేరు లోకానికి తెలిసింది.

మన దేశంలో ఇండియా గేటు పరిసరాలు తరతరాలుగా ఢిల్లీ ప్రజల సాయంకాలపు విడిది. ఒకవైపు పచ్చికమీద కుటుంబాలు, ఐస్‌క్రీం బళ్ళు, బుడగలమ్మేవారు. మరొకవైపు 1972 జనవరి 26 నుంచి వెలిగిన అమర జవాను జ్యోతి. 2019 ఫిబ్రవరి 25న ఆ ప్రక్కనే జాతీయ యుద్ధస్మారకం ప్రారంభమైంది. 2022 జనవరిలో జ్యోతిని అక్కడి జ్యోతిలో కలిపారు. నాలుగు వలయాలుగా అమర్చిన ఆ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద 25 వేలకు పైగా సైనికుల పేర్లు, ఒక్కొక్క రాతిపలక మీద ఒక్కొక్క పేరు చొప్పున, చెక్కి ఉన్నాయి. ఇక్కడ ఎవరినీ అంకెగా మిగల్చలేదు. స్వతంత్ర దేశం తన సైనికుణ్ణి ఎలా తలచుకోవాలో ఆ గోడలు చెబుతున్నాయి.

నిజానికి ఈ విషయంలో మనం పరదేశాలనుంచి నేర్చుకోవలసినది తక్కువ. ఊరికోసం, పశువులకోసం పోరాడి మరణించినవాడికి వీరగల్లు నిలపడం తెలుగునాట ఎన్నో శతాబ్దాల ఆచారం. తమిళ సోదరులు దానినే నడుకల్ అంటారు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధానికి గుర్తుగా 1891లో అక్కడ స్తంభం నిలిపారు. ఇక పల్నాటి సీమలోని కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున, 12వ శతాబ్దిలో నేలకొరిగిన వీరులను ఏటా కార్తిక అమావాస్య మొదలు ఐదు దినాలు ఆరాధిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్క దినానికి ఒక్కొక్క పేరు. ఆయుధాలకు పూజలు జరుగుతాయి, వీరగాథలు గానం చేస్తారు. బ్రహ్మనాయుడు కులభేదాలు మాని అందరినీ ఒకే పంక్తిన కూర్చుండబెట్టిన చాపకూడును తలచుకుంటూ సహపంక్తి భోజనం చేస్తారు. అదే సమయాన ఊరంతా తిరునాళ్ళు. పిల్లలకు బొమ్మల అంగళ్ళు కావాలి, పెద్దలకు వీరుల కథ కావాలి. రెండూ ఒకే నేలమీద జరగడం అపచారమని ఎవరూ అనుకోలేదు. బహుశా తిరునాళ్ళు ఉండబట్టే పిల్లలు వచ్చారు. పిల్లలు వచ్చారు గనుకనే కథ ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది.

అయితే అన్ని స్థలాలూ ఒకటి కావు. నందంబాక్కం వంటి వాటికలో మనుషుల అస్థికలున్నాయి. అక్కడ ఆట తగదు. మెల్లగా నడవడం, చదవడం, మౌనంగా నిలబడడం మాత్రమే తగును. మెరీనా వంటి చోట గాలి పీల్చుకోవడానికి అందరికీ హక్కున్నది. కాని రాతి మీద పేర్లు గీకడం, పొట్లాల కాగితాలు మెట్లమీద పారవేయడం, చెక్కిన అక్షరాలకు వీపు ఆనించి కూర్చోవడం తగదు. మన పాఠశాలలో మేము పాటిస్తున్న పద్ధతి సులభమైనది. ముందు చదవాలి, తరువాత ఆడాలి. స్మారకం ముందు ఒక నిమిషం నిలబడి, అది ఎవరికోసమో తెలుసుకున్న బిడ్డ తరువాత ఇసుకలో ఎంత పరుగెత్తినా నాకు అభ్యంతరం లేదు. తమకంటె నాలుగైదేళ్ళు మాత్రమే పెద్దవారైన కుర్రవాళ్ళు పోగొట్టుకున్న సాయంకాలాలే ఇవని ఏదో ఒకనాడు వారికి తెలియకపోదు.

యుద్ధస్మారకాలను చూపడమంటే యుద్ధాన్ని పొగడడం కాదని కూడా విన్నవిస్తున్నాను. పందొమ్మిదేళ్ళని రాతిమీద చదివిన పిల్లవాడికి యుద్ధంపై మోజు పుట్టదు. పేరు తలచుకోవడం వేరు, కయ్యానికి కాలు దువ్వడం వేరు. ఆ తేడా నేర్పడం మా బాధ్యత.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఇండ్లలో కూడా సముద్రం దాటినవారు, సరిహద్దుకు వెళ్ళి రానివారు ఉండి ఉంటారు. పాత పెట్టెలలో పింఛను కాగితమో, పతకమో, ఒక పోస్టుకార్డో మిగిలి ఉండవచ్చు. ఏదీ మిగలకపోతే అవ్వ చెప్పిన మాట ఒకటైనా మిగిలి ఉంటుంది. వాటిని వ్రాసి పాఠశాలకు పంపండి. ఈ జూబిలీ సంవత్సరంలో గ్రంథాలయంలో ఒక పెద్ద నోటుపుస్తకం ఉంచుతున్నాము. దానిలో ఆ పేర్లను తెలుగు అక్షరాలలో పిల్లలచేతనే వ్రాయిస్తాము. రాతిమీద చెక్కించే స్తోమత మనకు లేదు. చక్కని దస్తూరీ గల పిల్లలు మాత్రం కావలసినంతమంది ఉన్నారు.

మొదటి పుటలో వ్రాయవలసిన పేరు నేను ఇచ్చాను. అది మా తాతగారి అన్నగారిది. నందంబాక్కంలో ప్రశ్న అడిగిన ఆ విద్యార్థిని ఇప్పుడు కళాశాలలో చదువుతున్నది. జూబిలీ ఉత్సవాలకు వచ్చినప్పుడు ఆ పుట ఆమెకు చూపదలచాను.